బూడిద మీద గీత

నా చిన్నప్పుడు ఒక పొద్దున, మా వసారాలో పరిచిన బూడిద మీద ఒక గీత చూశాను. అరవై ఏళ్ల పైమాటే. ఆ గీతకు అడుగులు లేవు. తడి తాడును ఎవరో నేల మీద ఈడ్చుకుపోయినట్టు మెలికలు తిరిగి ఉంది. అది ఎందుకు పడిందో మా అమ్మమ్మకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. ఆయన పోయాక, ఈ న్యూజిలాండ్‌లో, మా అమ్మాయి ఇంటి పెరట్లో అదే తప్పు రెండోసారి చేశాను. ఇక దాచుకోవడం కుదరలేదు. సంతకం పెట్టడం దాకానే నా చదువు. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతాను.

మా అమ్మాయి వాళ్లుండేది హామిల్టన్‌లో. ఇంటి వెనక కంచె, కంచె వెనక లోయ, లోయ అడుగున ఒక వాగు. ఆ లోయ నిండా చెట్లే. పగలు చూస్తే పచ్చగా కళ్లకు చల్లగా ఉంటుంది. పొద్దు వాలిందా, చీకటి ముందు అక్కడే పుడుతుంది. అక్కడి నుంచి నెమ్మదిగా కంచె దాటి పెరట్లోకి, పెరట్లోంచి వంటింటి కిటికీ దాకా వస్తుంది. అమ్మాయి ఆసుపత్రి డ్యూటీకి, అల్లుడు ఆఫీసుకి, మనవరాలు స్కూలుకి వెళ్లిపోతే మిగిలేది నేనూ ఆ లోయా. మొదట్లో దాని వైపు చూడాలంటే భయం వేసేది. తరవాత తరవాత చూడకుండా ఉండలేకపోయాను.

మనవరాలికి పదేళ్లు. చలికాలంలో పిట్టలకు తిండి దొరకదని స్కూల్లో చెప్పారట. వాళ్ల నాన్న చేత పెరట్లో ఒక గుంజ పాతించి, పైన పలక బిగించి, దాని మీద పంచదార నీళ్ల సీసా తలకిందులుగా నిలబెట్టింది. పక్కన సగానికి కోసిన నారింజ. నాలుగు రోజులు తిరక్కుండానే పిట్టలు మరిగాయి. మన పిచ్చుకలో సగముండే ఆకుపచ్చ పిట్టలు, కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి వలయం. సిల్వర్ ఐ అంటారట ఇక్కడ. చలి తగ్గాక వాటిలో ఒక జంట కంచె పక్కనున్న ఫీజోవా అనే పళ్ల చెట్టులో గూడు కట్టింది. ఆ గూడు కొమ్మ మీద కూర్చున్నది కాదు. రెండు సన్నకొమ్మల మధ్య అంచులు అల్లి వేలాడదీసింది. చూడగానే నాకు గుడ్డ ఉయ్యాల గుర్తొచ్చింది. అందులో మూడు పిల్లలు. మనవరాలు రోజూ స్టూలెక్కి, ఊపిరి బిగబట్టి తొంగి చూసేది. ఆ మూడింటికీ తానే అమ్మననుకుంది, పాపం.

ఆ గూడు కడుతున్న రోజుల్లోనే దొంగతనం మొదలైంది. సాయంత్రం నింపిన సీసా పొద్దున్నకి కింద పడి ఉండేది. నారింజ తొక్క గీకి గీకి వదిలినట్టు ఉండేది. పలక అంచున గోళ్ల గీట్లు. పక్కింట్లో ఒంటరిగా ఉండే తెల్లాయన కంచె మీద నుంచి వంగి చూసి, తల ఊపి, “పాసమ్” అన్నాడు. వెనకటికి పాడి ఆవులు పెంచిన మనిషి. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకి రాదు. ఆయన నిమ్మకాయలిస్తాడు, నేను గారెలిస్తాను, అంతటితో సరిపోతుంది. మనవరాలు తెలుగులో చెప్పింది. పాసమ్ అంటే పిల్లి అంత ఉంటుందట, గుబురు తోక. బొచ్చు కోసం ఒకప్పుడు ఎవరో పక్కదేశం నుంచి తెచ్చి వదిలారట. చిగుళ్లూ పళ్లూ తినడమే కాదు, గుడ్లూ పిట్టపిల్లలూ కూడా దానికి ఇష్టమేనట. ఇక్కడివాళ్లు దాన్ని చంపడం తప్పనుకోరు, చంపకపోతేనే తప్పనుకుంటారు.

పక్కింటాయన లోయ వైపు చెట్టుకి ఒక బోను బిగించాడు. తల దూర్చితే పట్టేసే రకం. లోపల దాల్చినచెక్క పొడి చల్లిన యాపిల్ ముక్క పెట్టాడు. పది రోజులు గడిచాయి. యాపిల్ ముక్కలు వాడిపోతున్నాయి గాని ముట్టినవాళ్లు లేరు. పలక మీద సీసా మాత్రం రోజూ పడిపోతూనే ఉంది.

“హీ సేస్ ఇట్స్ వియర్డ్, అమ్మమ్మా,” అంది మనవరాలు ఒకరోజు, పక్కింటాయన దగ్గర నుంచి వచ్చి. “పాసమ్‌కి ఇంకెక్కడో మంచి ఫుడ్ దొరుకుతోందంట. ఎవరో ఫీడ్ చేస్తున్నారంట.”

“దానికెవరు పెడతారమ్మా, పనీపాటా లేక?” అన్నాను. నా చేతిలో నెయ్యి గరిటె ఉంది.

పెడుతున్నది నేనే. దానికని తెలిసి పెట్టలేదు, అంతే.

మా ఆయన పోయి ఏడాది తిరిగిన రోజున, అక్కడ మా మరిది చేయవలసినవి చేయించాడు. ఇక్కడ నేను ఆయనకిష్టమైనవి వండి, ఒక ముద్ద తీసి పెరట్లో పెట్టాను, కాకి ముట్టుకుంటుందని. పెట్టాక గుర్తొచ్చింది, ఈ దేశంలో అడుగుపెట్టాక నేను ఒక్క కాకిని కూడా చూడలేదని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చున్నాను. ఏ పిట్టా దాని జోలికి రాలేదు. అల్లుడు వచ్చి, “అత్తయ్యగారూ, చలేస్తుంది, లోపలికి రండి,” అని రెండుసార్లు పిలిచాడు. ఆ ముద్దను పిట్టల పలక మీదకు మార్చి, ఏడుస్తూ లోపలికొచ్చాను. పొద్దున లేచి చూస్తే మెతుకు లేదు.

నా ప్రాణం కుదుటపడింది. ఆయన బతికినన్నాళ్లూ లారీ తోలాడు. ఏనాడూ వేళకి తిన్న మనిషి కాదు. అందరూ తినేశాక, పొద్దుపోయాక వచ్చి, చప్పుడు చేయకుండా తినేసి పడుకునేవాడు. పోయాక మాత్రం అలవాటు మారుతుందా అనుకున్నాను. ఆ మర్నాడూ పెట్టాను. ఆ పై రోజూ పెట్టాను. అమ్మాయికి చెప్పలేదు. సాయంత్రం అందరూ టీవీ దగ్గర ఉండగా పప్పన్నంలో నెయ్యి వేసి, ముద్ద చేసి, పలక మీద పెట్టి వచ్చేదాన్ని. లోయలో చెట్లు కదలకుండా నా వైపే చూస్తున్నట్టుండేవి. నాకు భయం వేయలేదు. ఆయన అక్కడే ఎక్కడో ఉన్నాడనుకునేదాన్ని. ఒకరోజు ఆవకాయ ముక్క కూడా పెట్టాను. పొద్దున్నకి అన్నమంతా అయిపోయింది, ఆవకాయ ముక్క మాత్రం పలక కింద గడ్డిలో పడి ఉంది. మా ఆయన కంచం వదిలేవాడు గాని ఆవకాయ వదిలేవాడు కాదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. వచ్చే ఉంటుంది కూడా. దాన్ని లోపలికి రానివ్వలేదు.

ఒక శనివారం పొద్దున మనవరాలు స్టూలెక్కి కెవ్వున అరిచింది. గూడు ఒక పక్కకి ఒరిగి ఉంది. మూడు పిల్లలు రెండయ్యాయి. పెద్ద పిట్టలు రెండూ కంచె మీద ఎగిరి ఎగిరి గోల చేస్తున్నాయి. పక్కింటాయన వచ్చి, కొమ్మ మీద గోరు గీసిన చోటు చూపించాడు. పలక మీదకి తిండికి వచ్చింది, పక్కనే గూడు కనబడింది, కొమ్మ సన్నదవడంతో ఒకటే అందింది, మిగతా రెండింటికీ మళ్లీ వస్తుందని ఆయన అన్నాడట. మనవరాలు ఏడుస్తూ నా నడుము చుట్టూ చేతులు వేసి, “ఎవరో దాన్ని పిలిచారమ్మమ్మా,” అంది.

పిల్ల కళ్లు తుడుస్తున్నాను గాని నేను హామిల్టన్‌లో లేను. ఎనిమిదేళ్ల పిల్లనై మా వసారా గడప మీద నిలబడి ఉన్నాను.

మా అమ్మ నా తమ్ముణ్ణి కన్న ఇరవై రోజులకి జ్వరమొచ్చి పోయింది. పురిటికని మా అమ్మమ్మ ఇంటికి వచ్చాం, మళ్లీ వెళ్లింది లేదు. పెంకుటిల్లు, ముందు పొడుగాటి వసారా, వసారా చివర చెక్క గాదె, దాని నిండా ధాన్యం. కోతలైన కొత్తలో, నిండు నెలలతో ఉండి, మా అమ్మ వరికంకులు తీసుకుని గొలుసుగా అల్లి ఒక కుచ్చు చేసి, వసారా దూలానికి పిచ్చుకల కోసం వేలాడదీసింది. మా వైపు ప్రతి ఇంటా ఉండేది ఆ కుచ్చు. మా అమ్మ చేత్తో చేసిన ఆఖరి పని అదే. ఎండలు ముదిరాక తమ్ముడి ఉయ్యాల కూడా అదే దూలానికి కట్టారు, గాలి ఆడుతుందని. అమ్మమ్మ మంచం ఉయ్యాల పక్కనే.

పెద్దకర్మ రోజున పిండం పెట్టగానే కాకి వాలింది. “తినేసిందమ్మా, తృప్తిగా వెళ్లిపోయింది,” అని ఆడవాళ్లందరూ కళ్లు తుడుచుకున్నారు. నాకు అర్థమైంది ఒకటే, అమ్మకి ఇంకా ఆకలేస్తుందని. ఆ రోజు తింది సరే, రేపో? ఎల్లుండో? ఎవరూ దాని గురించి మాట్లాడటం లేదు. అందుకని నేనే మొదలుపెట్టాను. దీపాలు పెట్టే వేళకి నా కంచంలోంచి ఒక ముద్ద దాచి, బాదమాకులో పెట్టి, ఆ కుచ్చు కింద గోడ వారగా ఉంచేదాన్ని. పొద్దున్నకి ఆకు ఖాళీ. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. అమ్మ నా దగ్గరికి మాత్రమే వస్తోంది, ఇంకెవరి దగ్గరికీ రావడం లేదు అనుకునేదాన్ని.

ఒకరోజు ఆకుకి పట్టిన చీమల్ని చూసి అమ్మమ్మ పట్టేసింది.

“ఎవరికే అమ్మడూ ఇది?”

చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆవిడ కొట్టలేదు, ఏడవలేదు. చాలాసేపు దూలం వైపు చూస్తూ కూర్చుంది. తరవాత లేచి, పొయ్యిలోంచి బూడిద తీసి, పాత పంచె ముక్కలో జల్లించి, వసారా నేలంతా పల్చగా చల్లింది. గచ్చు మీద మంచు కురిసినట్టు అయింది.

“మీ అమ్మ వస్తే అడుగు పడుతుంది కదా,” అంది. “దాని కాలి రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు. నువ్వే పోల్చుకుందువుగాని.”

ఆ పూట నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే పరిగెత్తాను. బూడిద మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న అడుగులు, వాటి మధ్య సన్నటి తోక గీత. గాదె కింద నుంచి ఆకు దాకా, ఆకు నుంచి గాదె కిందకి. ఒకటి కాదు, నాలుగైదు.

“ఎలుకలే,” అంది అమ్మమ్మ.

నేను ఒప్పుకోలేదు. అమ్మే ఎలుక రూపంలో వచ్చిందన్నాను. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాగలి సర్దుకుంటూ విని, “అయితే మా అక్క నలుగురైదుగురై వచ్చిందే!” అని నవ్వాడు. నేను గుక్కపట్టి ఏడ్చాను. అమ్మమ్మ అతన్ని కసిరి, నా తల నిమిరి, “సరే, ఇంకొక్క రోజు చూద్దాం,” అని మళ్లీ బూడిద చల్లింది. ఆ ఒక్క రోజు ఎందుకు ఒప్పుకున్నానా అని ఆవిడ చచ్చిపోయేదాకా అనుకుంది.

మర్నాడు నేను గడప దగ్గరికి వచ్చేసరికి అమ్మమ్మ అప్పుడే లేచి, మంచం మీద కూర్చుని జుట్టు ముడి వేసుకుంటోంది. ఒక కాలు కిందకి దించబోతోంది. తమ్ముడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. ఉయ్యాల గుడ్డ కొస నేలకి జానెడు ఎత్తున వేలాడుతోంది.

“అమ్మమ్మా,” అన్నాను, “ఇవాళ అడుగులు లేవు. తాడు ఉంది.”

ఆవిడ కాలు గాలిలోనే ఆగిపోయింది.

ఆ గీత వీధి మెట్ల దగ్గర మొదలైంది. ఆకు దాకా వచ్చింది. ఆకులో ముద్ద కదలలేదు, ఎలుకలేవీ ఆ రోజు రాలేదు. అక్కడి నుంచి ఉయ్యాల కిందకి వెళ్లింది. ఉయ్యాల కింద బూడిద చెదిరిపోయి, పళ్లెమంత మేర గుండ్రంగా గచ్చు కనబడుతోంది. అక్కడ అది కాసేపు చుట్ట చుట్టుకుని ఉంది. తరవాత అమ్మమ్మ మంచం కోళ్ల మధ్య నుంచి గాదె వైపు వెళ్లింది. వెళ్లిన గీత ఉంది. తిరిగి వచ్చిన గీత లేదు.

అమ్మమ్మ మంచం మీదే మోకాళ్ల మీద లేచి, వంగి, తమ్ముణ్ణి గుడ్డతో సహా ఎత్తుకుంది. మంచం మీద నుంచి ఒక్క అంగలో గడప మీదకి వచ్చి, వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. “వీధిలోకి పో. వెనక్కి చూడకు,” అంది. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు, ఆ తరవాతా వినలేదు.

మావయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం దాకా గాదె ఖాళీ చేశారు. పాము దొరకలేదు. గాదె వెనక, ఎలుకలు తవ్విన బొక్క పక్కన కుబుసం దొరికింది, ఇంకా మెత్తగానే ఉంది. మావయ్య దాన్ని కర్రతో ఎత్తి పట్టుకుంటే ఆయన తలను దాటి పైకి పోయింది. ఎన్నాళ్ల నుంచి అక్కడ ఉంటోందో ఎవరికీ తెలియదు. “పిచ్చుకలకి పెళ్లిభోజనాలు పెడితే పాములు పేరంటానికి రావా మరి!” అని అరుస్తూ ఆయన బొక్కలో గాజుపెంకులు కూరి, మట్టి మెత్తాడు. పాము అప్పటికే బయటికి వెళ్లిపోయిందో, లోపలే ఉండిపోయిందో. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాన్ని మేమెవరం చూడలేదు.

ఆకులో ముద్ద సంగతి అమ్మమ్మ మావయ్యతో సహా ఎవరికీ చెప్పలేదు. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, నా చేతికి ఒక ముద్ద ఇచ్చి, గోడ మీద పెట్టమంది. పెట్టాను. పారిపోబోతే రెక్క పట్టుకుని ఆపింది. ఎండలో ఇద్దరం నిలబడ్డాం. కాకి వచ్చింది, నాలుగు మెతుకులు తిని వెళ్లిపోయింది. మిగిలినదాన్ని నా చేతనే తీయించి గేదె కుడితిలో వేయించింది. అప్పుడు నా ముందు గొంతుక్కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుని చెప్పింది.

“పెడితే ఎండలో పెట్టు. తినేదాకా నిలబడు. ఎవరు తిన్నారో కళ్లతో చూడు. మిగిలింది ఎత్తెయ్. ఆకలేసి వచ్చినవాళ్లందరూ మీ అమ్మ కాదే, అమ్మడూ.”

తరవాత తన గుండె మీద చెయ్యి వేసుకుని, “నాదీ తప్పే. ముందు ఉయ్యాల విప్పి, పిల్లాణ్ణి లోపల పడుకోబెట్టి, ఆ తరవాత చల్లాలి బూడిద,” అంది.

అమ్మ అల్లిన కుచ్చుని మాత్రం ఆవిడ పారేయలేదు. పెరట్లో రెండు గుంజల మధ్య తీగ లాగించి, గోడకీ చెట్టుకీ అందనంత దూరంలో, నడిమధ్యన కట్టించింది. కిరసనాయిలు డబ్బా రేకు కోయించి గుంజలకి గొట్టంలా తొడిగించింది, ఎలుక ఎక్కబోతే జారిపోయేలా. దీపాల వేళకి ముందు కింద రాలిన గింజలు ఊడ్చే పని నాకు అప్పజెప్పింది. పిచ్చుకలు రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి అక్కడికే వచ్చాయి.

ఇదంతా ఆ శనివారం పొద్దున, మనవరాలు నా నడుము పట్టుకుని ఏడుస్తున్న ఆ కాసేపట్లో నా కళ్ల ముందు తిరిగింది. ఎనిమిదేళ్ల పిల్ల తెలియక చేసింది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని, తెలిసి కూడా చేశాను.

ముందు ఉయ్యాల సంగతి, అంటే ఆ గూటి సంగతి చూడాలి. పక్కింటాయన్ని చేతులతో సైగ చేసి పిలిచి, చెట్టు మొదలు చూపించి, చుట్టూ చుట్టినట్టు అభినయించి చూపాను. ఆయన వెంటనే అర్థం చేసుకున్నాడు. షెడ్డులోంచి నున్నటి రేకు తెచ్చి, ఫీజోవా మొదలుకి నడుమెత్తున చుట్టి బిగించాడు. కంచెకి తగులుతున్న కొమ్మల్ని కోసేశాడు. సీసా, నారింజ ముక్కలు మనవరాలు లోపల పెట్టేసింది. అల్లుడు వచ్చి గుంజకి కూడా రేకు తొడుగుతానన్నాడు.

“రేపు తొడుగుదువుగాని బాబూ. ఈ ఒక్క పూట ఉండనీ,” అన్నాను.

ఆ సాయంత్రం కూడా ముద్ద పెట్టాను. ఎందుకు పెట్టావని అడిగితే, నాకు కావలసింది పాసమ్ సంగతి కాదు, మా ఆయన సంగతి. గుంజ చుట్టూ, కంచె వారగా, చెట్టు మొదట్లో సిమెంటు పలకలు పరిచి ఉన్నాయి. ఈ ఇళ్లల్లో పొయ్యి బూడిద ఎక్కడిది! బియ్యప్పిండి తీసి, టీ జల్లెడతో ఆ పలకలన్నిటి మీదా చల్లాను. మనవరాలు ముగ్గు అనుకుంది.

“ఫెస్టివలా అమ్మమ్మా?”

“కాదమ్మా. ఎవరొస్తున్నారో చూద్దామని.”

లోయలో చీకటి పుట్టి కంచె దాకా వచ్చింది. తలుపు వేశాను.

పొద్దున ఇద్దరం చెప్పులేసుకుని వెళ్లాం. కంచె దగ్గర పిండి మీద ఒక చెయ్యి ఉంది. అడుగు కాదు, చెయ్యే. చిన్నపిల్ల అరచెయ్యంత, విడివిడిగా వేళ్లతో. మా ఆయన కుడి చేతి చిటికెన వేలు సగమే ఉండేది, లారీ జాకీ జారి తెగిపోయింది. ఆ చేత్తోనే అన్నం కలుపుకునేవాడు. పిండి మీద మోకాళ్లు ఆనించి, కళ్లద్దాలు తెప్పించుకుని, ఆ ముద్రల్లో వేళ్లు లెక్కపెట్టాను. ఒకటి చూశాను, రెండోది చూశాను, కుడి ఎడమలు తెలియక అన్నీ చూశాను. ప్రతి చేతికీ అయిదు వేళ్లూ నిండుగా ఉన్నాయి.

అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

ఆ చేతులు గుంజ దగ్గరికి వెళ్లాయి. పలక ఖాళీగా ఉంది. అక్కడి నుంచి చెట్టు మొదటికి వెళ్లాయి. చెట్టు చుట్టూ తిరిగాయి, మళ్లీ తిరిగాయి, పిండి అంతా తొక్కి తొక్కి చెదరగొట్టాయి. రేకు మీద కింద నుంచి పైకి గోళ్ల గీట్లు. అది ఎంతసేపు ఎక్కబోయి జారిందో, పైన ఆ రెండు పిల్లలూ ఎలా విన్నాయో. నేను మాత్రం ముందు ఇంకొకటి వెతికాను. చెట్టు నుంచి కంచె వైపు, తిరిగి వెళ్లిన ముద్రలు. ఉన్నాయి. అవి కనబడ్డాకే ఊపిరి తీసుకున్నాను. మనవరాలు స్టూలెక్కి, రెండు వేళ్లు పైకెత్తి చూపించింది.

అప్పుడు చెప్పాను పిల్లకి, “పిలిచింది నేనేనమ్మా” అని. ముద్ద సంగతి, తాతయ్య సంగతి, అన్నీ. అది కాసేపు నా వైపు కోపంగా చూసింది. తరవాత, “తాతయ్య డే టైమ్‌లో రాలేరా?” అని అడిగింది. మా అమ్మాయి విని, వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. పక్కింటాయనకి పిల్ల ఇంగ్లీషులో చెబితే, ఆయన నా నెయ్యి గిన్నె వైపు చూసి, తన యాపిల్ ముక్క వైపు చూసి, గట్టిగా నవ్వాడు. “నో వండర్!” అన్నాడు. నేను కూడా నవ్వాను, ఏం చేయను!

ముద్ద మానేసిన మూడో రోజున బోను పట్టింది. ఆయన దాన్ని తోక పట్టుకుని తీసుకెళ్లి తన నిమ్మచెట్టు కింద పాతిపెట్టాడు. నేను కిటికీలోంచి దాని చేతులు చూశాను. నెలరోజులు నా చేతి అన్నం తిన్న చేతులు. ఇక్కడివాళ్లకి అది మంచి పనే, కాదనను. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు. రెండు పిట్టపిల్లలూ రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. మూడోదాని పాపం నా మీదే ఉంది.

గుంజకి రేకు తొడిగాం. సీసాని పొద్దున పెట్టి, దీపాల వేళకి ముందే లోపలికి తెస్తాం. ఆ పని నాదే, ఇంకెవరినీ చేయనివ్వను. మా ఆయనకి నెలకోసారి, ఎండ కాసే వేళ, ముద్ద పెడతాను. పెట్టి నిలబడతాను. ఒక్కోసారి గోరింక వస్తుంది, ఒక్కోసారి నల్లటి పిట్టొకటి పసుపుపచ్చ ముక్కుతో వస్తుంది, ఒక్కోసారి ఏదీ రాదు. ఏదీ రాకపోతే తీసేస్తాను. లోయలో ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు. కంచె అంచున కొత్త గోళ్ల గీట్లు మొన్న కూడా చూశాను.

నా తమ్ముడికి ఇప్పుడు మనవలు. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా చెప్పాలనుకుంటాను, చెప్పలేను. ఇక్కడ మనవాళ్ల ఇళ్లల్లో ఎవరికైనా పురుడొస్తే అమ్మాయి నన్నూ తీసుకెళుతుంది. మెత్తటి కార్పెట్లు, చక్రాల ఉయ్యాలలు, పాములు లేని దేశం. పిల్లను చూడమని వాళ్లు గుడ్డ తొలగిస్తారు. నేను ముందు వంగి, ఉయ్యాల కింద చూస్తాను.

“ఏం పడిపోయింది ఆంటీ?” అంటారు పాపం, వాళ్లు కూడా వంగి.

“ఏం లేదమ్మా,” అంటాను. ఏమీ లేదని నా కళ్లతో చూసుకున్నాకే తలెత్తి పిల్ల ముఖం చూస్తాను.